కాక్‌పిట్ దిగిన మర్నాడు

అరవై అయిదో పుట్టినరోజు. అమెరికాలో ఎయిర్‌లైన్ పైలట్‌కి అది కేకు కోసే రోజే కాదు, యూనిఫాం విప్పేసే రోజు కూడా. ఎంత ఆరోగ్యంగా ఉన్నా, ఎన్ని వేల గంటల అనుభవం ఉన్నా ఆ రోజు తర్వాత ఎయిర్‌లైన్ విమానం నడపడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు. చివరిసారి విమానం దింపి గేటు దగ్గరకు తెస్తుంటే రెండు ఫైరింజన్లు అటొకటి ఇటొకటి నిలబడి నీళ్ల తోరణం కట్టడం అక్కడో ఆనవాయితీ. ఇంట్లోవాళ్లు ఫొటోలు దిగుతారు. తోటివాళ్లు చప్పట్లు కొడతారు. మర్నాటి నుంచి జీతం ఉండదు... ఆస్పత్రి బిల్లులు మాత్రం ఉంటాయి!

ఈ రోజు కోసం పైలట్లు, వాళ్ల యూనియన్లు, ఎయిర్‌లైన్స్ యాజమాన్యాలు కలిసి రెండు ఖాతాలు సిద్ధం చేసుకుంటున్నాయి. ఒకటి రిటైర్మెంటు పొదుపు ఖాతా, అంటే 401(కె). రెండోది వైద్య ఖర్చులు తిరిగిచ్చే ఖాతా. దీన్నే అక్కడ హెచ్‌ఆర్‌ఏ అంటారు. మన దగ్గర హెచ్‌ఆర్‌ఏ అనగానే ఇంటద్దె భత్యం గుర్తొస్తుంది. జీతం స్లిప్పులో బేసిక్, డీఏ తర్వాత వచ్చే అంకె అది. అమెరికాలో అవే మూడక్షరాలకు అర్థం ‘హెల్త్ రీయింబర్స్‌మెంట్ అరేంజ్‌మెంట్’. ఇంటికీ దానికీ సంబంధం లేదు. అబ్బాయో అమ్మాయో ఫోన్లో ‘మా కంపెనీలో హెచ్‌ఆర్‌ఏ ఇస్తున్నారు’ అంటే అద్దె ఇస్తున్నారనుకుని సంబరపడకండి.

అమెరికాలో పిల్లలున్న తెలుగు ఇళ్లలో 401(కె) మాట బాగా పాతబడింది. జీతంలోంచి కొంత కోసి పక్కన పెట్టడం, దానికి కంపెనీ మరికొంత కలపడం... మన పీఎఫ్‌కి దూరపు చుట్టం అనుకోవచ్చు. పైలట్ల 401(కె) కూడా చట్టప్రకారం అదే. కానీ అందులోకి డబ్బు వచ్చే తీరు వేరు. అలా ఎందుకైందో తెలియాలంటే ఓ ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

మాట మిగిలింది... డబ్బు లేదు!

ఒకప్పుడు అమెరికా పెద్ద ఎయిర్‌లైన్స్‌లో పైలట్ ఉద్యోగమంటే మన దగ్గర గవర్నమెంటు ఉద్యోగం లాంటిదే. ముప్ఫై ఏళ్లు పనిచేస్తే చివరి జీతంలో సగానికి అటూ ఇటూగా జీవితాంతం పింఛను. డబ్బు ఎలా కూడబెట్టాలన్నది కంపెనీ తలనొప్పి. పైలట్ చూసుకోవాల్సింది విమానాన్ని మాత్రమే.

2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత ప్రయాణికులు తగ్గిపోయారు. ఎయిర్‌లైన్స్ ఒకదాని వెంట ఒకటి దివాలా కోర్టు మెట్లెక్కాయి. యూఎస్ ఎయిర్‌వేస్ పైలట్ల పింఛను పథకం 2003లో రద్దయింది. 2002 డిసెంబరులో దివాలా పిటిషన్ వేసిన యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌కి, తన నాలుగు పింఛను పథకాలనూ వదిలించుకోవడానికి 2005 మే నెలలో కోర్టు అనుమతి దొరికింది. ఆ పథకాల్లో ఉండాల్సిన దానికన్నా 980 కోట్ల డాలర్లు తక్కువున్నాయి! 2006లో డెల్టా పైలట్ల వంతు వచ్చింది. డెల్టాలో ఇంకో తమాషా జరిగింది. అక్కడ రిటైరయ్యే పైలట్ తన పింఛనులో సగాన్ని ఒకేసారి తీసేసుకునే వీలుండేది. కంపెనీ మునుగుతోందన్న అనుమానం రాగానే వందల మంది సీనియర్లు గడువుకు ముందే రిటైరై ఆ సగం పట్టుకుని వెళ్లిపోయారు. వాళ్ల తప్పేం లేదు, ఎవరైనా అదే చేస్తారు. కానీ పథకం ఇంకా ఖాళీ అయింది.

ఇలాంటి సమయంలో ఆదుకోవడానికి అమెరికాలో ఒక ప్రభుత్వ సంస్థ ఉంది. పేరు పెన్షన్ బెనిఫిట్ గ్యారంటీ కార్పొరేషన్. 1974 నాటి చట్టంతో పుట్టింది. కంపెనీల దగ్గర ప్రీమియం వసూలు చేసి, మునిగిపోయిన పింఛను పథకాలకు పూచీ పడుతుంది. యునైటెడ్ లోటు 980 కోట్లలో అది భరించింది 660 కోట్లు. మిగతా 320 కోట్ల డాలర్లు ఉద్యోగుల నెత్తినే పడ్డాయి.

అందరికన్నా గట్టిగా దెబ్బ తగిలింది పైలట్లకే. ఎందుకంటే ఆ సంస్థ ఇచ్చే పూచీకి గరిష్ఠ పరిమితి ఉంది. అప్పట్లో 65 ఏళ్లకు పింఛను మొదలయ్యేవారికి ఏడాదికి సుమారు 45 వేల డాలర్లు. 60 ఏళ్లకే మొదలైతే ‘ముందుగా తీసుకుంటున్నారు’ కాబట్టి అందులో 65 శాతమే, అంటే 30 వేల లోపు. ఇక్కడే ఉంది విడ్డూరం. ఆ రోజుల్లో పైలట్లు 60 ఏళ్లకే దిగిపోవాలని విమానయాన శాఖ నిబంధన! 1960 నుంచీ అదే అమలు. అంటే ప్రభుత్వంలో ఒక విభాగం ‘అరవైకి దిగిపో’ అంటుంది. ఇంకో విభాగం ‘అరవైకే దిగావు కదా, కోత’ అంటుంది. లక్ష డాలర్లకు పైగా పింఛను వస్తుందని లెక్కలేసుకున్న కెప్టెన్ల చేతికి అందులో చిన్న ముక్క వచ్చింది. రద్దుకు మూడేళ్ల ముందే రిటైరైనవారి పరిస్థితి కాస్త నయం. అప్పటికి ఇంకా విమానం నడుపుతున్నవారిలో చాలామందికి ఆ పాటి ఊరట కూడా లేదు.

2009 జనవరి 15న న్యూయార్క్‌లో హడ్సన్ నది మీద విమానం దింపి 155 మందినీ ప్రాణాలతో బయటపడేసిన కెప్టెన్ చెస్లీ సలెన్‌బర్గర్ గుర్తున్నారుగా? నెల తిరక్కుండానే అనలేం కానీ, ఆ ఫిబ్రవరి 24న ఆయన అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం ముందు హాజరయ్యారు. అందరూ నది కథ చెబుతారనుకున్నారు. ఆయన చెప్పింది జీతం కథ. తన జీతం 40 శాతం తగ్గిందనీ, పింఛను పోయి దాని బదులు వచ్చిన ప్రభుత్వ పూచీ విలువ రూపాయికి పైసల్లో ఉందన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. అంతటి కెప్టెన్ పరిస్థితే అది!

యునైటెడ్ పైలట్లకు మరో గాయం కూడా ఉంది. 1994లో ఉద్యోగులు జీతాలు తగ్గించుకుని, దానికి బదులుగా కంపెనీలో 55 శాతం వాటా తీసుకున్నారు. పైలట్లు అందులో ముందున్నారు. కంపెనీ మనదే అని గర్వపడ్డారు. దివాలాతో ఆ షేర్లు చిత్తుకాగితాలయ్యాయి. జీతం, పింఛను, షేర్లు... మూడూ ఒకే తాడుకు కట్టి ఉన్నాయి. తాడు తెగింది.

అడగకుండానే జమ

ఈ అనుభవాల తర్వాత పైలట్ల యూనియన్లు ఒక విషయం మీద పట్టుబట్టాయి. ‘రేపు ఇస్తాం’ అన్న మాట వద్దు, ఈ నెల జీతంతోపాటే మా పేరు మీదున్న ఖాతాలో వేసేయండి అని. ఆ ఖాతానే 401(కె). 1978లో పన్ను చట్టంలో చేర్చిన ఒక సెక్షన్ నంబరే దాని పేరయింది.

మామూలు కంపెనీల్లో 401(కె)కి ‘మ్యాచ్’ ఉంటుంది. ఉద్యోగి తన జీతంలోంచి వేస్తేనే కంపెనీ దానికి జతగా కొంత వేస్తుంది. ఉద్యోగి వేయకపోతే కంపెనీ కూడా వేయదు. పెద్ద ఎయిర్‌లైన్స్ పైలట్లకు అలా కాదు. పైలట్ ఒక్క సెంటు వేయకపోయినా కంపెనీ జీతం మీద నేరుగా కొంత శాతం జమ చేస్తుంది. డెల్టా, యునైటెడ్ లాంటి కంపెనీల్లో ఇది చాలాకాలం 16 శాతం. 2023లో కుదిరిన ఒప్పందాలతో దశలవారీగా 18 శాతం వరకు పెరిగేలా రాసుకున్నారు. మన పీఎఫ్‌లో యాజమాన్యం వాటా 12 శాతం, అందులోంచి కూడా కొంత పింఛను పథకానికి వెళుతుంది. దానితో పోల్చుకుంటే ఇదెంత పెద్ద మొత్తమో తెలుస్తుంది.

ఖాతా పైలట్ పేరు మీద ట్రస్టులో ఉంటుంది. రేపు కంపెనీ దివాలా తీసినా అప్పులవాళ్లు దాన్ని ముట్టుకోలేరు. పాత పింఛనుకీ దీనికీ తేడా అక్కడే ఉంది. అయితే దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు ఇక్కడ మార్కెట్ ఉంది. పాత పింఛనులో షేర్లు పడితే నష్టం కంపెనీది. ఇప్పుడు పైలట్‌ది. 2008లో అమెరికా పెద్ద కంపెనీల షేర్ల సూచీ ఒక్క ఏడాదిలో 37 శాతం దాకా కరిగిపోయింది. ఆ ఏడాది రిటైరై, డబ్బంతా షేర్లలోనే ఉంచుకున్నవాళ్ల సంగతి ఊహించుకోవచ్చు. అందుకే వయసు పైబడేకొద్దీ షేర్ల వాటా తానే తగ్గించుకుంటూ పోయే ఫండ్లను చాలామంది ఎంచుకుంటున్నారు. సొంత కంపెనీ షేర్లు కొనాలంటే మాత్రం 1994 కథ ఎవరో ఒకరు గుర్తుచేస్తారు.

గిన్నె నిండితే...

ఇక అసలు లెక్క. 401(కె)లో ఎంత పడితే అంత వేయడానికి కుదరదు. ప్రభుత్వం ఏటా మూడు గీతలు గీస్తుంది. 2025 సంవత్సరానికి అవేంటో చూద్దాం. ఉద్యోగి తన జీతంలోంచి వేయగలిగింది 23,500 డాలర్లు. ఉద్యోగి, కంపెనీ కలిపి వేయగలిగింది 70,000 డాలర్లు. కంపెనీ శాతం లెక్కగట్టడానికి పరిగణనలోకి తీసుకునే జీతం 3,50,000 డాలర్ల వరకే. (2026కి ఇవి వరుసగా 24,500, 72,000, 3,60,000.) యాభై దాటినవారు పైన మరికొంత అదనంగా వేసుకోవచ్చు. 2025లో అది 7,500 డాలర్లు, 60 నుంచి 63 ఏళ్ల మధ్య ఉంటే 11,250. ఈ అదనం 70 వేల లెక్కలోకి రాదు.

మామూలు ఉద్యోగికి ఈ గీతలు కనుచూపు మేరలో కూడా ఉండవు. కానీ పెద్ద విమానాల కెప్టెన్ల జీతాలు మూడున్నర లక్షల డాలర్లు దాటుతాయి. ఒక కెప్టెన్ జీతం సరిగ్గా మూడున్నర లక్షలు అనుకుందాం. కంపెనీ వాటా 17 శాతమైతే 59,500 డాలర్లు. కెప్టెన్ సొంతంగా వేసింది 23,500. రెండూ కలిపితే 83,000. గీత 70,000 దగ్గర ఉంది. 13,000 డాలర్లు పొంగిపోయాయి! జీతం నాలుగు లక్షలైతే పైనున్న యాభై వేల మీద 17 శాతం, అంటే 8,500 కూడా ఈ ఖాతాలోకి రావడానికి వీల్లేదు.

మన దగ్గరా ఇలాంటి గీత ఒకటుంది. ఉద్యోగి పేరు మీద పీఎఫ్, ఎన్‌పీఎస్, సూపర్ యాన్యుయేషన్‌లకు యాజమాన్యం కట్టేది కలిపి ఏడాదికి ఏడున్నర లక్షల రూపాయలు దాటితే, దాటిన మొత్తం మీద పన్ను పడుతుంది. 2020 బడ్జెట్‌లో వచ్చిన నిబంధన అది. తేడా ఏమిటంటే, మన దగ్గర దాటినా జమ చేయొచ్చు, పన్ను కట్టాలి అంతే. అమెరికాలో దాటిన డబ్బు ఆ గిన్నెలో పట్టదు.

మరి ఆ పొంగిన డబ్బు ఎటు పోవాలి? అది ఒప్పందంలో రాసుకున్నదాన్ని బట్టి ఉంటుంది. మొదటి దారి, జీతంతో కలిపి చేతికిచ్చేయడం. అప్పుడు దాని మీద ఆదాయపు పన్ను పడుతుంది. పైన చెప్పిన 13,000కి 24 శాతం శ్లాబు అనుకున్నా 3,120 డాలర్లు ఫెడరల్ పన్నుకే పోతాయి. మెడికేర్ పన్ను, రాష్ట్రం పన్ను దానికి అదనం. (టెక్సాస్, ఫ్లోరిడాల్లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. పైలట్ ఎక్కడున్నా డ్యూటీకి విమానంలో వెళ్లిపోగలడు కాబట్టి చాలామంది అక్కడే ఇళ్లు కట్టుకుంటారు!) రెండో దారి, ఇటీవలి ఒప్పందాల్లో వచ్చిన క్యాష్ బ్యాలెన్స్ పథకం. పాత పింఛనుకీ 401(కె)కీ మధ్యస్థంగా ఉండే ఏర్పాటు అది. మూడోది హెచ్‌ఆర్‌ఏ.

పన్ను లేదు... నగదూ లేదు

హెచ్‌ఆర్‌ఏలో డబ్బు వేయాల్సింది యాజమాన్యమే. ఉద్యోగి తన జీతంలోంచి వేయడానికి వీల్లేదు. వేసేటప్పుడు పన్ను లేదు. వైద్య ఖర్చుకు తీసుకునేటప్పుడూ పన్ను లేదు. ట్రస్టులో ఉంటే మధ్యలో పెరిగినదాని మీదా పన్ను లేదు. 401(కె)లో కూడా ఇంత సుఖం లేదు. మామూలు పద్ధతిలో వేస్తే తీసేటప్పుడు పన్ను కట్టాలి, రోత్ పద్ధతిలో వేస్తే వేసేటప్పుడే కట్టాలి. ఏదో ఒక చోట తప్పదు. పై లెక్కలో 13,000 డాలర్లూ హెచ్‌ఆర్‌ఏకి వెళితే 13,000గానే ఉంటాయి. ఏడాది తిరిగినా మిగిలింది మురిగిపోకుండా కలుస్తూ పోయేలా పథకం పెట్టుకోవచ్చని అమెరికా ఆదాయపు పన్ను శాఖ 2002లోనే స్పష్టం చేసింది.

కొన్ని ఒప్పందాల్లో రిటైరయ్యేనాటికి వాడుకోని సిక్ లీవు విలువ కూడా ఇందులోకే వెళుతుంది. మన ప్రభుత్వోద్యోగులు రిటైరయ్యేటప్పుడు మిగిలిన ఎర్న్‌డ్ లీవులకు డబ్బు తీసుకుంటారు చూడండి, అలాంటిదే. కాకపోతే ఇక్కడ చేతికి రాదు, వైద్యానికే వస్తుంది.

ఆ ‘చేతికి రాదు’ అన్నదే ఈ ఖాతాకున్న గట్టి షరతు. కూతురి పెళ్లికి, ఇల్లు కట్టడానికి, పడవ కొనుక్కోవడానికి దీన్ని ముట్టుకోలేరు. మందులు, డాక్టరు ఫీజు, పళ్లు, కళ్లద్దాలు, ఆరోగ్య బీమా ప్రీమియం, వినికిడి యంత్రం... ఇంతవరకే. (ఇంజిన్ల హోరులో ముప్ఫై ఏళ్లు గడిపినవాళ్లకు ఆ ఆఖరిది చాలా అవసరం.) పైగా ఎవరికైనా ఒక్కరికి ‘కావాలంటే నగదు తీసుకో’ అన్న వెసులుబాటు ఇచ్చారా, మొత్తం పథకానికే పన్ను మినహాయింపు పోతుంది. అందుకే ఒక పైలట్ ‘నాకు నగదు ఇచ్చేయండి’ అనీ, పక్క సీట్లో ఆయన ‘నాది హెల్త్ ఖాతాలో వేయండి’ అనీ ఎవరికి వారు కోరుకోవడానికి లేదు. ఒక వర్గానికంతటికీ ఒకే రూలు.

యూనియన్‌లో చిచ్చు రగిలేది సరిగ్గా ఇక్కడే. ముప్ఫై రెండేళ్ల కో-పైలట్‌కి ఫ్లయింగ్ స్కూలు అప్పు ఉంటుంది, ఇంటి వాయిదా ఉంటుంది, చిన్నపిల్లలుంటారు. ‘ముప్ఫై ఏళ్ల తర్వాత వచ్చే జబ్బు కోసం ఇప్పుడు నా డబ్బు కట్టేయడమేంటి?’ అంటాడు. ఆరుపదుల కెప్టెన్‌కి భార్య మోకాళ్ల ఆపరేషన్ కళ్లముందు ఉంటుంది. ‘ఇవాళ పన్ను కట్టి తీసుకుని, రేపు అదే డబ్బు ఆస్పత్రికి కట్టడం తెలివితక్కువ’ అంటాడు. ఇద్దరిదీ న్యాయమే. ఇద్దరికీ ఒకటే ఓటు. లెక్క ప్రకారం చూస్తే కెప్టెన్ వైపే మొగ్గు. వైద్య ఖర్చు రాని ముసలితనం ఎవరికీ ఉండదు కదా! కానీ కో-పైలట్ దగ్గర ఒక ప్రశ్న ఉంది, దానికి కెప్టెన్ దగ్గర జవాబు లేదు. నేను మధ్యలోనే పోతే ఆ డబ్బు ఎవరిది?

జవాబు ఇదీ. భార్య లేక భర్త, పన్ను చట్టం లెక్కలో ఆధారపడినవారు, ఆ ఏడాది చివరికి 27 ఏళ్లు నిండని పిల్లలు... పథకం ఒప్పుకుంటే వీళ్లు తమ వైద్య ఖర్చులకు వాడుకోవచ్చు. వాళ్లెవరూ లేకపోతే మిగిలినదంతా పథకానికే. అమ్మకీ తమ్ముడికీ రాసిపెట్టడానికి వీల్లేదు. 401(కె) అలా కాదు, నామినీ ఎవరైనా కావచ్చు. పెళ్లయినవారైతే మామూలుగా జీవిత భాగస్వామి రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే వేరేవాళ్ల పేరు రాయాలి, అంతే. కాబట్టి ఒంటరి పైలట్‌కి హెచ్‌ఆర్‌ఏ పెద్దగా లాభసాటి బేరం కాదు. సంసారం ఉన్నవారికి బంగారం.

ఇంకో సంగతి పైకి కనిపించదు. ‘నా హెచ్‌ఆర్‌ఏలో ఇంతుంది’ అని కాగితం మీద చూపించినంత మాత్రాన ఆ డబ్బు నిజంగా ఎక్కడో ఉన్నట్టు కాదు. కొన్ని కంపెనీల్లో అది పుస్తకాల్లో రాసుకున్న అంకె మాత్రమే. బిల్లు వచ్చినప్పుడు కంపెనీ తన జేబులోంచి ఇస్తుంది. కంపెనీ జేబు ఖాళీ అయితే? పింఛనుకు పూచీ పడే ప్రభుత్వ సంస్థ వైద్య ఖర్చులకు పూచీ పడదు. అందుకే పైలట్ల యూనియన్లు ఆ డబ్బును ఉద్యోగుల సంక్షేమ ట్రస్టులో విడిగా జమ చేయించుకోవడానికి ప్రయత్నిస్తాయి. ‘వీబా’ అని పిలిచే ఇలాంటి ట్రస్టులకు అమెరికా పన్ను చట్టంలో 1928 నుంచే చోటుంది. 2005 చూసినవాళ్లు ఎంత శాతం అన్నదానికన్నా ముందు, ఎక్కడ దాస్తున్నారని అడుగుతారు. అడగాల్సిందే.

అరవై అయిదు దాకా ఆగకపోతే

2007 డిసెంబరులో అమెరికా పైలట్ల రిటైర్మెంటు వయసు 60 నుంచి 65కి పెరిగింది. దీన్ని 67 చేయాలని ఈ మధ్య గట్టి ప్రయత్నమే జరిగింది కానీ 2024 విమానయాన చట్టం 65 దగ్గరే ఉంచింది. ఆరోగ్య బీమా కోణంలో ఈ 65కి విలువ ఉంది. వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే మెడికేర్ మొదలయ్యేదీ 65కే. అంతకుముందు అరవైకి దిగిపోయిన పైలట్‌కి మెడికేర్ చేతికొచ్చేదాకా అయిదేళ్లు ఎండాకాలమే. ఇప్పుడు ఆ ఖాళీ కాగితం మీద పూడిపోయింది.

కాగితం మీద మాత్రమే. ఎందుకంటే నలభై దాటిన ఎయిర్‌లైన్ కెప్టెన్ ఆర్నెల్లకోసారి వైద్య పరీక్ష నెగ్గాలి. గుండె లయ తప్పినా, మూర్ఛ వచ్చినా, ఇన్సులిన్ మొదలుపెట్టాల్సి వచ్చినా ఆ సర్టిఫికెట్ ఆగిపోతుంది. మళ్లీ తెచ్చుకోవడానికి ప్రత్యేక అనుమతులున్నాయి కానీ, నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడతాయి. ఆఫీసు ఉద్యోగి మధుమేహంతో హాయిగా పని చేసుకుంటాడు. పైలట్‌కి అదే జబ్బు రెండు దెబ్బలు కొడుతుంది. జీతం ఆగుతుంది, ఖర్చు మొదలవుతుంది. యాభై ఎనిమిదేళ్లకు ఇలా జరిగితే మెడికేర్‌కి ఇంకా ఏడేళ్లు! ఉద్యోగం మానేశాక కంపెనీ బీమాను ‘కోబ్రా’ చట్టం కింద సాధారణంగా 18 నెలలు కొనసాగించుకోవచ్చు. అయితే అప్పటిదాకా కంపెనీ భరించిన వాటాతో సహా మొత్తం ప్రీమియం తనే కట్టాలి, పైన రెండు శాతం. హెచ్‌ఆర్‌ఏ నిజంగా అక్కరకొచ్చేది ఈ ఏళ్లలోనే. అందుకే వైద్య కారణాలతో దిగిపోయినవాళ్లు కూడా రిటైరైనవాళ్లతో సమానంగా ఖాతా వాడుకోవచ్చా లేదా అన్నది ఒప్పందంలో చూసుకోవాల్సిన మొదటి వాక్యం.

401(కె)లోనూ ఇలాంటి ఒక కిటుకు ఉంది. యాభై తొమ్మిదిన్నర ఏళ్ల లోపు తీస్తే మామూలుగా పన్నుతోపాటు 10 శాతం జరిమానా. కానీ యాభై అయిదేళ్లు వచ్చిన సంవత్సరంలోనో ఆ తర్వాతో ఆ కంపెనీ ఉద్యోగం వదిలితే, ఆ కంపెనీ ఖాతాలోంచి జరిమానా లేకుండా తీసుకోవచ్చు. ఇది తెలియక, ఎవరో సలహా ఇచ్చారని డబ్బంతా సొంత రిటైర్మెంటు ఖాతా అయిన ఐఆర్‌ఏకి మార్చేసుకుంటే ఆ సౌకర్యం పోతుంది. తొందరపడి మార్పించే సలహాదారులకు కమీషన్ ఉంటుందన్నది వేరే చెప్పక్కర్లేదు.

మెడికేర్ వచ్చాక అంతా ఉచితం అనుకునేవాళ్లు మన దగ్గర చాలామంది. అది నిజం కాదు. డాక్టర్ల ఫీజులకు వర్తించే పార్ట్-బికి 2025లో నెలకు 185 డాలర్ల ప్రీమియం. ఆదాయం ఎక్కువున్నవారికి ఇంకా ఎక్కువ. అదీ రెండేళ్ల కిందటి ఆదాయాన్ని చూసి నిర్ణయిస్తారు. అంటే ఇవాళ రిటైరైన కెప్టెన్ గారికి జీతం సున్నా, ప్రీమియం మాత్రం ఆయన మూడున్నర లక్షలు సంపాదించిన రోజుల లెక్క! రిటైరయ్యానని దరఖాస్తు పెడితే తగ్గిస్తారు, కానీ పెట్టాలి. మందుల బీమా, మెడికేర్ భరించని వాటాకు అనుబంధ బీమా వేరే. ఆలుమగలిద్దరికీ కలిపితే ఏటా వేల డాలర్లే. పథకం రూల్స్ అనుమతిస్తే ఈ ప్రీమియంలన్నీ హెచ్‌ఆర్‌ఏలోంచి పన్ను లేకుండా వెనక్కి వస్తాయి.

చివరగా మన ఇళ్లకు పనికొచ్చే ముక్క. హెచ్‌ఆర్‌ఏ పైలట్లకే పరిమితం కాదు, అమెరికాలో చాలా కంపెనీలు ఇస్తున్నాయి. అక్కడ రిటైరై హైదరాబాద్‌కో విజయవాడకో వచ్చి స్థిరపడే దంపతుల సంఖ్య పెరుగుతోంది. వాళ్లకు మెడికేర్ ఇక్కడి ఆస్పత్రుల్లో దాదాపు పనిచేయదు, అది అమెరికా గడ్డ మీదే. కానీ హెచ్‌ఆర్‌ఏకి ఆ గీత లేదు. చట్టబద్ధంగా జరిగిన వైద్యమైతే విదేశంలో అయిన ఖర్చు కూడా అమెరికా పన్ను చట్టం లెక్కలో వైద్య ఖర్చే. పథకం రూల్స్‌లో అడ్డు లేకపోతే ఇక్కడి కంటి శుక్లాల ఆపరేషన్ బిల్లు అక్కడికి పంపి డబ్బు తెప్పించుకోవచ్చు. ఆస్పత్రి బిల్లు వివరంగా ఉండాలి. రోగి పేరు, తేదీ, ఏ చికిత్స, ఎంత అన్నవి స్పష్టంగా కనిపించాలి. తెల్లకాగితం మీద మొత్తం రాసి సంతకం పెట్టిన రసీదు చెల్లదు. చాలా పథకాల్లో బిల్లు పంపడానికి గడువు కూడా ఉంటుంది. కాబట్టి ఆ ఖాతా ఏ సంస్థ నిర్వహిస్తోందో, లాగిన్ ఎక్కడ రాసిపెట్టారో ఆయనకు ఒక్కరికే కాదు, ఆవిడకూ తెలిసి ఉండాలి.